తంగూసా, అల్లికదారమా?



ఈ సాయంకాలము నేను మాటలాడబోవు విషయము చాల చిన్నది. గాలమునకు కట్టెడు దారము. లోకములో ఇన్ని సమస్యలుండగా దారమును గూర్చి ప్రసంగమా అని మీలో కొందఱు చిఱునవ్వు నవ్వుకొనవచ్చును. నవ్వుకొనుడు. కాని ఈ దారమువలన నా యెడమచేతి వ్రేళ్లు రెండు నేటికిని పూర్తిగా ముడుచుకొనవు. ఈ దారము నిమిత్తమే సముద్రపుటొడ్డున ఒక పల్లెలో పదునొకండు ఇండ్లవారు అప్పుచేయుటకు సిద్ధపడిరి. అందుచేత నాకిది చిన్నవిషయముగా తోపదు.

నేను కోనసీమవాడను. గోదావరి కాలువగట్టున పుట్టి, ఆ గట్టుననే బడిపంతులుగా పనిచేసి విరమించితిని. బడిలేని దినములలో గాలము వేయుట చిన్ననాటినుండి నాకలవాటు. చేపకొఱకు కాదు, ఊరక కూర్చుండుటకే గాలము పట్టుకొని పోవుదునని మా యింటివారి యాక్షేపణ. అందులో కొంత నిజము లేకపోలేదు.

మా తాతగారినాటి గాలపుదారము నూలుదారమే. మూడు పోగులు తొడమీద పురిపెట్టి పేని, తుమ్మచెక్క కషాయములో నానవేసి ఆరబెట్టెడివారు. వేట ముగిసిన పిదప ప్రతిదినము దానిని వెదురుదడిమీద పఱచి ఆరవేయవలెను. ఒక్కరాత్రి తడిగా చుట్టిపెట్టిన ముక్కవాసన కొట్టును. పదిదినములు మఱచిన పుచ్చి చేతిలోనే తెగును. తాతగారికి మా నాయనమ్మగారితో వచ్చిన తగవులలో సగము ఆ దడిమీది దారమును గూర్చినవే. బట్టలారవేయుటకు చోటులేదని ఆమె, దారము పాడగునని ఆయన.

నేను నాలుగవ తరగతి చదువు దినములలో మా సంతకు తంగూసు వచ్చినది. అద్దమువలె నిగనిగలాడు ఒంటిపోగు. ఆరవేయనక్కఱలేదు, కషాయమక్కఱలేదు, పుచ్చదు, నీటిలో కానరాదు. ఒక్క సంవత్సరములో నూలుదారము మా యూరినుండి మాయమైనది. ఈ తంగూసనునది నైలాను. 1935లో అమెరికాలోని డ్యూపాంటు కంపెనీ ప్రయోగశాలయందు వాలెస్ కరోథర్సు అను రసాయనశాస్త్రజ్ఞుడు దీనిని కనుగొనెను. 1938లో లోకమునకు ప్రకటించిరి. మొదట పండ్లు తోముకొను కుంచెలకును, ఆ పిమ్మట స్త్రీల మేజోళ్లకును వాడిన ఈ వస్తువు కోనసీమ కాలువలలోని జెల్లచేపలవఱకు వచ్చుటకు ఇంచుమించు ముప్పదియేండ్లు పట్టినది.

కొన్ని యేండ్ల క్రిందట సంక్రాంతికి మా మనుమడు హైదరాబాదునుండి వచ్చుచు ఒక చిన్న చక్రము తెచ్చెను. దానికి చిలుకపచ్చని దారము చుట్టియున్నది. పట్టిచూడగా కుట్టుదారమంత సన్నము. "తాతయ్యా, దీనిని బ్రెయిడు అందురు. ముప్పది పౌనుల బరువు ఆపును" అనెను. నేను నమ్మలేదు. పదమూడు కిలోల బియ్యము సంచిలో పోసి, ఆ దారముతో వాకిటిలోని వేపకొమ్మకు వ్రేలాడదీసితిమి. సంచి ఊగుచు నిలిచినది. మా యింటియావిడ వచ్చి, బియ్యము నేలపాలగునని ఇరువురిని చీవాట్లు పెట్టినది గాని, దారము తెగలేదు.

ఇచ్చట ఒకమాట విన్నవింపవలెను. అల్లిక క్రొత్తది కాదు. నూలు, పట్టు, అవిసెనార పోగులను జడవలె అల్లి గాలములకు కట్టుట పూర్వమునుండి ఉన్నదే. క్రొత్తది ఆ నార. మనము కూరగాయలు తెచ్చుకొను పల్చని సంచులున్నవి గదా, అవి పాలిథీను. ఈ నారయు పాలిథీనే. కాని సంచి చిటికెలో చినుగును, ఈ దారము మాత్రము చినుగదు; కారణమేమి? కళ్లములో చెల్లాచెదరుగా పడియున్న గడ్డిని పిడికెడు పట్టి లాగినచో ఊడివచ్చును. అదే గడ్డిని దువ్వి, పొడుగుపోచలన్నిటిని ఒకే దిక్కునకు పేర్చి వెంటి పేనినచో ఎద్దును కట్టివేయవచ్చును. పాలిథీనులోని అణువుల గొలుసులను మిక్కిలి పొడవైనవిగా చేసి, వానిని ద్రావకములో కరగించి, జిగురువలె సాగదీసి, అన్నిటిని ఒకే వరుసను నిలుపు ఉపాయమును నెదర్లాండ్సు దేశములో డి.ఎస్.ఎం. కంపెనీ పరిశోధకులు పాల్ స్మిత్తు, పీట్ లెంస్ట్రా అనువారు 1979 ప్రాంతమున కనిపెట్టిరి. ఇప్పుడీ నారతో తుపాకిగుండు నాపు కవచములు చేయుచున్నారు, ఓడలను కట్టు మోకులు పేనుచున్నారు. దానినే సన్నముగా నాలుగు పోగులుగానో, ఎనిమిది పోగులుగానో అల్లి గాలపుదారముగా అమ్ముచున్నారు. నాలుగుపోగులది కొంచెము గరుకు, వెల తక్కువ. ఎనిమిది పోగులది గుండ్రముగా, నున్నగా నుండి కమ్మిలనుండి చప్పుడు లేక జాఱును.

ఇక గుణములు. మొదటిది సన్నదనము. ముప్పది పౌనుల బలముగల తంగూసు సుమారు అరమిల్లీమీటరు మందముండును. అంతే బలముగల అల్లికదారము పావుమిల్లీమీటరుకు కొంచెమే యెక్కువ. అందుచేత చిన్న చక్రములో ఎక్కువ దారము పట్టును, విసరినప్పుడు గాలము దూరము పోవును, పాఱునీటిలో ప్రవాహపు తోపు తక్కువగా తగులును.

రెండవది, ఇది సాగదు. నూఱడుగుల తంగూసు తెగులోపల ఇరువది ముప్పది యడుగులు సాగును. అల్లికదారము మూడు నాలుగు అడుగులకు మించి సాగదు. దీని ఫలితము చేతితో పట్టిచూచినగాని తెలియదు. కాలువ కావలియొడ్డున రొయ్య యెరను ముట్టుకొన్నను ఈవలి యొడ్డున వ్రేలికి తెలియును. నాకు చూపు మందగించినది. బెండు మునిగినదో లేదో దూరమునుండి కానరాదు. అట్టివానికి ఈ దారము పోయిన కండ్లను మరల వ్రేళ్లలో తెచ్చి పెట్టినట్లున్నది.

మూడవది, ఇది నీటిని త్రాగదు. తంగూసు నీటిలో నానినకొలది కొంత బలము కోల్పోవును, ఎండకు పెళుసుబాఱును, చక్రముమీద నెలలతరబడి యుండిన స్ప్రింగువలె చుట్టలు చుట్టుకొని, విసరినప్పుడు తిన్నగా పోదు. అల్లికదారమునకు ఈ బాధలు చాల తక్కువ. ఏటేట తంగూసును మార్చువాడు దీనిని నాలుగైదేండ్లు వాడుకొనవచ్చును. ముందుభాగము నూగుబట్టి పాతబడినచో దారమంతయు విప్పి తలక్రిందులుగా చుట్టుకొన్న, లోపల ఎండ తగులని క్రొత్తదారము పైకివచ్చును. మా మనుమడు ఇట్లు చేయుచుండగా చూచి, పాత చీరకు అంచు తిప్పి కుట్టు మా నాయనమ్మగారు జ్ఞాపకమునకు వచ్చినది.

దీని మహిమ చూడదలచినవారు కొఱ్ఱమీను వేటకు పోవలెను. గుఱ్ఱపుడెక్కయు, తామరతూండ్లును క్రమ్మిన చెఱువులో రబ్బరు కప్పను విసరి, ఆకులమీద గెంతించుచు లాగుదురు. కొఱ్ఱమీను ఆకులనడుమనుండి ఒక్కసారి పైకెగసి మ్రింగి, మరుక్షణము తూండ్లలోనికి దూరును. తంగూసు సాగుచుండగా అది తూండ్లను రెండు చుట్లు చుట్టివేయును. ఇక చేపయు లేదు, గాలమును లేదు. అల్లికదారమైనచో కొడవలివలె తూండ్లను కోసికొనుచు వచ్చును. ఈ యొక్క వేటలో మాత్రము నాకు సందేహము లేదు. కొఱ్ఱమీనువాడు దారము మార్చవలసినదే.

కాని కోయుగుణము తూండ్లవద్ద నిలిచిపోదు. అక్కడనే నా వ్రేళ్ల కథ.

గౌతమీపాయలో, యానామునకు ఎగువను, నేనును మనుమడును చిన్న నావలో పండుగప్పకొఱకు పోయితిమి. పాటుసమయము, నీరు సముద్రమువైపు గట్టిగా లాగుచున్నది. నా గాలము నీటిలో మునిగియున్న ఒక తాటిమొద్దున తగిలినది. ఏబదియేండ్లుగా తంగూసుతో చేసిన యలవాటు. చిక్కినప్పుడు దారమును అఱచేతికి రెండుచుట్లు చుట్టి లాగిన, సాగిసాగి పుటుక్కున తెగును. అట్లే చుట్టితిని. ఇంతలో లంగరు జాఱి, నావ పాటునకు కదలినది. నావబరువు, ఇరువురి బరువు, ప్రవాహబలము, అన్నియు ఆ కుట్టుదారమంత దారముమీద, ఆ దారము నా చేతిమీద. సాగుటలేదు, తెగుటలేదు. మొదట నొప్పి కూడ తెలియలేదు. మజ్జిగలో తరకవలె చర్మము విడివడుట చూచితిని. "తాతయ్యా, చేయి కదల్పకు" అని మనుమడు చాకుతో దారమును నఱికెను. వాడు తడబడియుండిన వ్రేళ్లు గౌతమిలోనే యుండెడివి. స్నాయువు సగమువఱకు తెగినదని వైద్యుడు చెప్పెను. కుట్లు వేసిరి, మూడునెలలు కట్టు కట్టిరి. గాయము మానినది గాని, చిటికెనవ్రేలును దానిప్రక్క వ్రేలును నేటికిని అఱచేతిని తాకవు.

తప్పు దారముది కాదు, నాది. క్రొత్త వస్తువును పాత యలవాటుతో పట్టుకొంటిని. అందుచేత చెప్పుచున్నాను: అల్లికదారమును ఎన్నడును చేతికి చుట్టరాదు. గాలము చిక్కినచో ఒక కఱ్ఱముక్కకు పదిచుట్లు చుట్టి, ముఖము ప్రక్కకు త్రిప్పి, కఱ్ఱను పట్టి లాగవలెను. ఒడిలోనో, చేతికందునట్లో పదునైన చాకు ఉండి తీరవలెను. కత్తెర చాలదు, నున్నని దారము మొద్దుకత్తెర నోటిలో జాఱిపోవును. పండుగలకు గాలిపటములకు కట్టు నైలాను మాంజా మెడలు కోయుట మీరు వినియున్నారు. 2017లో జాతీయ హరిత న్యాయస్థానము దేశమంతట దానిని నిషేధించినది. సన్నమై, గట్టిదై, తెగని పోగు ఏదైనను అంతే.

ఇక ముడిని గూర్చి. తంగూసుకు మనము వేయు ముడి, అనగా కొస త్రిప్పి అయిదాఱు చుట్లు చుట్టి లోపలికి దూర్చునది, ఈ దారమునకు పనికిరాదు. పాలిథీను వెన్నవలె నున్ననిది. ముడి బిగిసినట్లే యుండి చేప లాగగానే జాఱిపోవును. మా మనుమడు నాకు నేర్పిన ముడి యిది. దారమును జానెడు పొడవున రెండుమడతలు పెట్టి, ఆ మడతను గాలపుకంటిలో దూర్చవలెను. దూర్చిన మడతతోనే జంటదారముపై మామూలు ఒంటిముడి వదులుగా వేయవలెను. పిమ్మట మడత చివరి ఉచ్చులోనుండి గాలమంతటిని దాటించి, ఉమ్మితోనో నీటితోనో తడిపి, మెల్లగా బిగింపవలెను. తడుపుట మఱవరాదు. ఈ నార 145, 150 డిగ్రీల వేడికే కరగును. పొడిగా బిగించిన ఒరపిడివేడికి ముడివద్ద బలము చచ్చును. పాలొమారు అని ఈ ముడికి ఇంగ్లీషువారి పేరు. చీకటిలో కూడ వేయవచ్చును. నేను మూడు వ్రేళ్లతోనే వేయుచున్నాను.

చక్రమునకు చుట్టుటలోను మెలకువ కావలెను. నున్నని లోహముమీద ఈ దారము పట్టుకొనదు. చేప లాగినప్పుడు చుట్టంతయు ఒక్కపెట్టున తిరుగును, మర చెడినదని మనము భ్రమపడుదుము. కనుక ముందుగా పది పదునైదు గజముల తంగూసు చుట్టి, దానిపై దీనిని ముడివేసి, తడిగుడ్డతో అదిమిపట్టి బిగువుగా చుట్టవలెను. వదులుగా చుట్టినచో పైదారము లోపలి వరుసలలోనికి దిగబడి, విసరినప్పుడు చిక్కుపడును. ఆ చిక్కు విప్పుటకంటె పిచ్చుకగూడు విప్పుట సులభము.

సాగకపోవుట గుణమంటిని, అదే కొన్నియెడల దోషము. శీలావతికి, బొచ్చెకు పిండి యెరతో గాలము వేయువారున్నారు. ఆ చేపల పెదవులు మెత్తనివి. చేప తల విదిలించినప్పుడు తంగూసు సాగి, ఆ కుదుపును తాను మ్రింగును. అల్లికదారము ఏమియు మ్రింగదు. గాలము పెదవిని చీల్చుకొని ఊడివచ్చును. ఒక వేసవిలో నేను వరుసగా నాలుగు బొచ్చెలను ఇట్లు పోగొట్టుకొని, అయిదవదినమున మరల తంగూసు కట్టితిని. ఇదిగాక, తంగూసువలె ఇది నీటిలో కరిగిపోయినట్లుండదు. తేటనీటిలో చేపకు స్పష్టముగా కానవచ్చును. నీటికంటె తేలిక గనుక తేలును. గాలి వీచునప్పుడు నీటిమీద విల్లువలె వంగి యెరను లాగుచుండును. రాతికి ఒరసికొన్నచో తంగూసు గీతలు పడి కొంతసేపు నిలుచును. దీని సన్ననిపోగులు ఒక్కొక్కటిగా తెగి, బిగువుమీద నున్నప్పుడు క్షణములో పోవును. విశాఖపట్టణపు తీరమున బండలమీద నిలిచి వేటాడువారికి ఇది బాగుగ తెలియును. పండుగప్ప చెక్కిలిరెక్క అంచు మంగలికత్తివంటిది, అదియు కోసివేయును.

ఈ దోషములలో చాలవాటికి ఒక్కటే మందు. అల్లికదారపు చివరను రెండు మూడు బారల తంగూసు కట్టుకొనుట. ఇట్లు కట్టిన తంగూసు చేపకు కానరాదు, రాతికి కొంత తట్టుకొనును, కుదుపును కొంత మ్రింగును. దాని బలము అల్లికదారముకంటె తక్కువగా నుండవలెనని నా మాట. అప్పుడు గాలము మొద్దున చిక్కినను తెగునది చివరి తంగూసే. వంద గజముల దారము నీటిపాలు కాదు. రెండింటిని కలుపునప్పుడు తంగూసువైపు నాలుగైదు చుట్లు, అల్లికవైపు ఎనిమిదికి తగ్గక చుట్లు వేసి ముడిపెట్టవలెను.

కొనునప్పుడు జాగ్రత్త. సంతలలో చవుకగా దొరకు చక్రములమీద వ్రాసిన బలము నమ్మదగినది కాదు; కొన్నిటిలో నారయే వేఱు. దీనికొక చిన్న పరీక్ష చెప్పెదను. బెత్తెడు ముక్కను కోసి, సబ్బునీటితో బాగుగ నులిమి, అందలి గాలి పోవునట్లు చేసి, గ్లాసెడు మంచినీటిలో అడుగువఱకు ముంచి విడువవలెను. పాలిథీను నార నెమ్మదిగా పైకి తేలివచ్చును. నైలానైనను, పాలియెస్టరైనను మునిగియుండును. మునిగినదానిని ఎంత చవుకగా నిచ్చినను కొనవలదు.

ఇంకొకటి చూచితిని, దానిని చెప్పక తీఱదు. కోరంగి మడ అడవులను 1978లో అభయారణ్యముగా ప్రకటించిరి. ఆ చాయలకు పోయినప్పుడు మడకొమ్మనుండి ఒక తెల్లకొంగ తలక్రిందుగా వ్రేలాడుచుండుట కంటిని. ఎవరో పాఱవేసిన పచ్చని దారము, బారెడు కూడ లేదు, కాలికి చుట్టుకొని, కొమ్మకు చిక్కినది. ఎగిరినకొలది బిగిసినది. మేము చేరునప్పటికి ప్రాణము పోయి రెండు మూడు దినములైయుండును. కాలి యెముకవఱకు దారము దిగియున్నది. మా తాతగారి నూలుదారము పదిదినములలో పుచ్చునని మేము విసుగుకొనెడివారము. నీటిలో పడిన నూలును నీరే తినివేసెడిది. తంగూసును తినదు, దీనిని అంతకంటెను తినదు. కనుక ఇంట నొక డబ్బా పెట్టి, ముక్కలన్నియు అందులో వేసి, నిండినప్పుడు అంగుళము మించని తునుకలుగా కత్తిరించి చెత్తకు ఇచ్చుచున్నాను. కాల్చరాదు, అది కరగి చేతికంటుకొన్న ఊడదు.

ఇక పదునొకండు ఇండ్లమాట. అంతర్వేదిప్రాంతమున ఒక మత్స్యకారపల్లెలో నాయొద్ద చదువుకొన్న శిష్యుడొకడు కలడు. సముద్రములో చేతిత్రాడుతో వంజరమును, సూరను పట్టును. రీలు లేదు, కఱ్ఱ లేదు. మిల్లీమీటరు మందముగల తంగూసును వట్టిచేతులతో విడుచుట, వట్టిచేతులతో లాగుట. పట్టణపు వర్తకుడొకడు వచ్చి, అల్లికదారమైన చేపలు రెట్టింపు పడునని చెప్పి, వాయిదాలమీద ఇత్తునన్నాడట. పల్లెవారు వడ్డీకి డబ్బు తీయుటకు నిశ్చయించి, వీనిని నాయొద్దకు పంపిరి. "పంతులుగారూ, మీరు వాడినారు గదా. మార్చమందురా, వద్దందురా?" అని అడిగెను.

నేను నోటితో జవాబు చెప్పక నా యెడమచేయి చాపితిని. ముడువుమంటే ముడుచుకొనని వ్రేళ్లను చూచి వాడు తన చేతులను చూచుకొన్నాడు. వాని చేతులమీద తంగూసు ఒరసిన గీతలు కొల్లలు. కాని అవి పైపై గీతలు. ఆ చేతులే వాని పొలము, వాని కాడి.

పిమ్మట కూర్చుండి లెక్కలు వేసితిమి. చేతిత్రాటిలో మందము దోషము కాదు, అవసరము. చేతికి పట్టుదొరకునంత మందముగల అల్లికదారము కొన్నచో, సన్నదనమువలన వచ్చు లాభమంతయు పోవును. వెల మాత్రము తంగూసుకు ఎన్నో రెట్లుండును. తడిచేతిలో నున్నగా జాఱును. పెద్ద సూర పరుగుతీయునప్పుడు తంగూసు సాగుటవలననే వాని భుజము నిలుచుచున్నది. ఇక వంజరము పండ్లకు ఏ దారమును ఆగదు. చివర ఉక్కుతీగ ఎటులైనను కావలసినదే. చేపలు రెట్టింపు పడుననుట వర్తకుని మాట. దారము చేపలను పుట్టింపదు. వానికున్న నిజమైన లాభము ఒక్కటే: లోతునీటిలో అడుగున ఎర ముట్టుకొన్నది తెలియుట. దానికి వట్టిచేయి పనికిరాదు, చక్రము కావలెను.

"ఐతే పదునొకండు వద్దు, ఒక్కటి కొందుము" అనెను. "ఒకటి కొనుట మంచిది. అప్పుచేయక కొనుడు" అంటిని. అట్లే పల్లెవారు చందాలు వేసికొని ఒక్క చుట్ట కొనిరి. పాత సైకిలుచక్రపు రేకును నావ అంచున బిగించి, దానికి పిడిపెట్టి చుట్టిరి. చేయి దారమును తాకనక్కఱలేదు. రెండు నావలవారు వంతులవారీగా వాడిరి. లోతువేటకు బాగుగనున్నదనియు, మీదినీటి వంజరమునకు తంగూసే మేలనియు కార్తికమాసములో వచ్చినప్పుడు వాడు నాకు చెప్పెను. వచ్చుచు ఒక వంజరము తెచ్చెను. కార్తికమని మా యింటియావిడ దానిని ప్రక్కయింటివారికిచ్చినది.

వారిలో ఒక యువకుడు మాత్రము ఎవరిమాటయు వినక, సన్నని అల్లికదారమునే చేతిత్రాడుగా వాడుచున్నాడట. వ్రేళ్లకు సైకిలుట్యూబు రబ్బరు తొడుగులు చేసికొన్నాడట. ఇంతవఱకు క్షేమముగనే యున్నాడు. ఆ పల్లె పెద్దలు ఈ ప్రసంగమును వినుచున్నచో, వాని నావలో చాకు ఉన్నదో లేదో ఒకసారి చూడుడని నా మనవి.